ద్వారం వారి వయొలిన్ కోసం సోల్‌సీక్‌లో వెతికాను: నికోటిన్ ప్లస్ సెర్చ్ ఎలా ఉందంటే

ముందే చెప్పేస్తాను, నికోటిన్ ప్లస్ నాకు బాగా నచ్చింది. ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒకటి ఎందుకు తగ్గించానో కింద వస్తుంది. ఇది సోల్‌సీక్ అనే, ఒకరి కంప్యూటర్లోని పాటల ఫైళ్లు ఇంకొకరు నేరుగా తెచ్చుకునే నెట్‌వర్క్‌లోకి వెళ్లడానికి వాడే ఉచిత ప్రోగ్రామ్. పైథాన్‌లో రాశారు, ఓపెన్ సోర్స్, లైనక్స్‌కీ విండోస్‌కీ మ్యాక్‌కీ దొరుకుతుంది. సోల్‌సీక్ వాళ్ల సొంత ప్రోగ్రామ్ వేరే ఉంది, అదీ కొన్నాళ్లు వాడాను, కానీ సెర్చ్ ఫిల్టర్లు నికోటిన్ ప్లస్‌లో చేతికి అందేలా ఉంటాయి కాబట్టి ఇక్కడే ఆగిపోయాను. ఆరు నెలలుగా దాదాపు రోజూ వాడుతున్నాను, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నాకు ఇది ఎందుకు కావలసి వచ్చిందంటే, మాది విజయనగరం. మా తాతయ్య దగ్గర గ్రామఫోన్ ఉండేది, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ రికార్డులు ఆయనకి ప్రాణం. నాయుడు గారు మా ఊరి మహారాజా సంగీత కళాశాలలోనే వయొలిన్ నేర్పారు, తర్వాత అక్కడే ప్రిన్సిపాల్‌గా చేశారు, 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకి సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. మా ఇంట్లో ఆయన పేరు ఇంటి మనిషి పేరులా వినబడేది. ఆ 78 ఆర్‌పీఎం రికార్డులు లక్కతో చేసినవి, చేయి జారితే పలకలా పగులుతాయి. ఇల్లు మారినప్పుడు పెట్టె కింద పడింది, సగం పోయాయి, మిగతావి చెదలు పట్టిన అటకమీద గీతలు పడిపోయాయి. తాతయ్య విన్నవి నేను మళ్లీ వినాలి, అంతే నా కోరిక. యూట్యూబ్‌లో కొన్ని ఉన్నాయి, కానీ ఎవరో గరగర తీసేస్తామని వయొలిన్ గొంతు కూడా నొక్కేసినవి ఎక్కువ. రికార్డుల మీద నుంచి జాగ్రత్తగా ఎక్కించుకున్న కాపీలు సేకరణ చేసేవాళ్ల హార్డ్ డిస్కుల్లోనే ఉంటాయి, ఆ హార్డ్ డిస్కుల దాకా వెళ్లే దారి ఇదని ఒక స్నేహితుడు చెప్పాడు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. మన దేశంలో సౌండ్ రికార్డింగ్‌కి కాపీరైట్ విడుదలైన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు ఉంటుంది. నాయుడు గారు 1964లో పోయారు, ఆయన బతికుండగా వచ్చిన రికార్డుల మీద ఆ హక్కు గడువు దాటిపోయింది. నేను వెతికేది అలాంటివే. కొత్త సినిమా పాటలు, డబ్బు పెడితే దొరికేవి, వీటికోసం ఈ నెట్‌వర్క్‌ని వాడమని నేను చెప్పను, ఈ రివ్యూ దానికోసం కాదు.

సరే, అసలు విషయం. మొదటిరోజు ప్రోగ్రామ్ తెరిచి, ఒక పేరూ పాస్‌వర్డూ నేనే పెట్టుకుని లాగిన్ అయ్యాను. ఇక్కడ ఈమెయిల్, ఫోన్ నంబర్ అడగరు. సెర్చ్ పెట్టెలో ఇంగ్లిష్ అక్షరాల్లో ఇంటిపేరు, పేరు, నాయుడు అని మొత్తం కొట్టాను. మూడే మూడు ఫైళ్లు వచ్చాయి, మూడూ ఒకే మనిషివి. చాలా నిరుత్సాహంగా అనిపించింది. "ఏముందిరా ఇందులో, ఏమీ లేదు" అని నా స్నేహితుడికి ఫోన్ చేస్తే వాడు, "ఒరేయ్, నువ్వు గూగుల్‌ని అడిగినట్టు అడిగావు, అక్కడ గూగుల్ లేడు, మనుషులున్నారు, వాళ్లు ఏ పేరు పెట్టుకున్నారో ఆ పేరుతో అడగాలి" అన్నాడు. ఆ ఒక్క ముక్క అర్థం కావడానికి నాకు రెండు వారాలు పట్టింది, అర్థమయ్యాక మాత్రం ఈ ప్రోగ్రామ్ వేరే వస్తువులా కనిపించింది.

ఇక్కడ సెర్చ్ ఎలా నడుస్తుందో కొంచెం తెలుసుకుంటే మంచిది. పాటల ఫైళ్లు పంచుకునే నాప్‌స్టర్ 1999లో వచ్చినప్పుడు అందరి ఫైళ్ల జాబితా కంపెనీ సర్వర్లోనే ఉండేది, మీరు అడిగితే సర్వరే జాబితా చూసి చెప్పేది, అందుకే కాపీరైట్ కేసులో కోర్టు 2001లో ఆంక్ష పెట్టాక సర్వర్‌తోపాటు మొత్తం ఆగిపోయింది. 2000లో వచ్చిన న్యుటెల్లా అనే ఇంకో నెట్‌వర్క్‌లో సర్వరే లేదు. నా కంప్యూటర్ పక్కవాళ్లని అడుగుతుంది, వాళ్లు వాళ్ల పక్కవాళ్లని అడుగుతారు, అలా ఏడు అంచెలు పోయాక ప్రశ్న చచ్చిపోతుంది, నెట్‌వర్క్ పెరిగేకొద్దీ ఈ అడగడంతోనే లైన్లు నిండిపోయేవి. సోల్‌సీక్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. దీన్ని తయారుచేసిన నిర్ ఆర్బెల్ అంతకుముందు నాప్‌స్టర్‌లో ప్రోగ్రామర్. ఇందులో సర్వర్ ఉంది కానీ ఎవరి దగ్గర ఏముందో దానికి తెలియదు. మీ ప్రశ్నని అది కొందరికి అందిస్తుంది, వాళ్లు తమ కింద ఉన్నవాళ్లకి, వాళ్లు మళ్లీ తమ కింద ఉన్నవాళ్లకి, చెట్టు కొమ్మల్లా చివరి ఆకు దాకా పోతుంది. ఊళ్లో దండోరా వేసినట్టు అనుకోండి. విన్నవాళ్లలో ఎవరి దగ్గర ఉంటే వాళ్లు నేరుగా మీ ఇంటికొచ్చి "నా దగ్గర ఉంది" అని చెప్పాలి. సర్వర్ మధ్యలో ఉండదు.

దీనివల్ల మూడు సంగతులు జరుగుతాయి, వీటిని ఎవరూ మొదట్లో చెప్పరు.

ఒకటి, ఆ క్షణంలో ఆన్‌లైన్‌లో ఉన్నవాళ్లే వింటారు. నిన్న రాత్రి వచ్చిన ఫలితం ఈరోజు మధ్యాహ్నం రాదు, ఎందుకంటే ఆ మనిషి కంప్యూటర్ కట్టేసి ఆఫీసుకి వెళ్లిపోయాడు. నేను ఉదయం ఐదింటికి లేచి వెతికితే అమెరికా తూర్పు తీరంలో ఉన్నవాళ్లకి సాయంత్రం ఆరున్నరో ఏడున్నరో, ఇళ్లకొచ్చి సిస్టమ్ ఆన్ చేసుకుని ఉంటారు, అప్పుడు కర్ణాటక సంగీతం సేకరించే ప్రవాసుల ఫోల్డర్లు బయటికి వస్తాయి. రాత్రి పదకొండుకి యూరప్ వాళ్లు. ఒకే మాటని రోజులో నాలుగు వేళల్లో వెతికి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

రెండు, పోర్ట్, అంటే బయటి కంప్యూటర్లు మన కంప్యూటర్‌కి కనెక్ట్ అయ్యే తలుపు. ఇది చాలామందికి టెన్షన్ పెట్టే విషయం, నన్ను కూడా పెట్టింది. జవాబు చెప్పేవాడు నేరుగా మన దగ్గరికి రావాలంటే మన తలుపు తెరిచి ఉండాలి. మన తలుపు మూసి ఉంటే మనమే వాళ్ల దగ్గరికి వెళ్లేలా సర్వర్ ద్వారా కబురు పంపే ఏర్పాటుంది, కానీ ఇద్దరి తలుపులూ మూసి ఉంటే ఆ ఫలితం మనకి ఎప్పటికీ కనబడదు. కనబడలేదన్న సంగతి కూడా తెలియదు, అదీ బాధ. మా ఇంటి ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని (ఇంటర్నెట్‌లో కనబడే చిరునామాని) బోలెడు ఇళ్లకి కలిపి ఇస్తుంది, దానిమీద పోర్ట్ తెరవడం కుదరదు. వాళ్లకి ఫోన్ చేస్తే మూడు సార్లు రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమన్నారు, నాలుగోసారి ఒక అమ్మాయి మాత్రం ఓపిగ్గా విని, నెలకి కొంచెం ఎక్కువ కడితే మాకే సొంతంగా మారని చిరునామా, అంటే స్టాటిక్ ఐపీ ఇస్తామంది. తీసుకున్నాను, రౌటర్లో 2234 పోర్ట్ తెరిచాను. అదే రోజు, అదే వేళకి, అదే పేరు వెతికితే ఫలితాలు రెట్టింపు కన్నా ఎక్కువ వచ్చాయి. కాబట్టి "నికోటిన్ ప్లస్‌లో ఏమీ దొరకదు" అనేవాళ్లు ముందు సెట్టింగ్స్‌లో పోర్ట్ తెరిచి ఉందో లేదో పరీక్ష చేసే బటన్ నొక్కి చూడండి. కొన్ని రౌటర్లలో యూపీఎన్‌పీ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే పోర్ట్‌ని ప్రోగ్రామే తెరుచుకుంటుంది, అప్పుడు మీకు ఏ తిప్పలూ లేవు.

మా ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో ఫైళ్లు పంచుకోవడానికి డీసీ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామ్ వాడినవాళ్లకి ఇది పాత కథే. అక్కడ కూడా తలుపు తెరిచి ఉంటే యాక్టివ్, మూసి ఉంటే పాసివ్ అని రెండు రకాలుండేవి. పాసివ్‌లో ఉంటే ఒక్కొక్కరి దగ్గర నుంచి ఐదు ఫలితాలే, యాక్టివ్‌లో ఉంటే పది. మా బ్లాక్‌లో నెట్‌వర్క్ తెలిసిన ఒక సీనియర్ అన్న గదిగదికీ తిరిగి అందరివీ యాక్టివ్ చేసి పెట్టేవాడు. అప్పట్లో ఎందుకంత పట్టుదలో అర్థం కాలేదు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం, నేను ఎక్కువ చెప్పాలనుకునేది కూడా ఇదే. సెర్చ్ చూసేది ఫైల్ పేరుని, అది ఉన్న ఫోల్డర్ల పేర్లని. ఫైల్ లోపల పాట ఎవరిది, ఏ రాగం, ఇవేవీ చూడదు. మీరు నాలుగు మాటలు రాస్తే ఆ నాలుగూ ఫోల్డర్ పేరులోనో ఫైల్ పేరులోనో ఉండి తీరాలి, మూడుండి ఒకటి లేకపోయినా రాదు. పైగా మాట మొత్తం కలవాలి. దీన్ని మన పేర్లకి వర్తింపజేసి చూడండి, ఎంత ఇబ్బందో. వెంకటస్వామి అన్నది ఒకే మాటగా రాసేవాళ్లున్నారు, వెంకట వేరే స్వామి వేరే రాసేవాళ్లున్నారు. స్వామికి చివర ఇంగ్లిష్‌లో వై పెట్టేవాళ్లు, ఐ పెట్టేవాళ్లు. ద్వారంలో ద్వా కి డబ్ల్యూ పెట్టేవాళ్లు, వి పెట్టేవాళ్లు. ఇవన్నీ కలిపితే ఒక్క మనిషి పేరుకి ఎనిమిది రూపాలు తేలిగ్గా వస్తాయి, నేను మొదటిరోజు కొట్టింది అందులో ఒకటి. రాగాలు ఇంకా కష్టం. కర్ణాటక సంగీతం సేకరించేవాళ్లలో తమిళులు ఎక్కువ, వాళ్లు త శబ్దానికి టి పక్కన హెచ్ పెడతారు, మనం తోడి అని టి తో వెతికితే వాళ్ల తోడి దొరకదు. కాంభోజికైతే బి పక్కన హెచ్ ఉందా లేదా, మొదట కె ఒక్కటేనా కె హెచ్చా, చివర జె నా డి నా, లెక్క పెట్టలేం.

దీనికి నేను నేర్చుకున్న మందు ఏమిటంటే తక్కువ మాటలు రాయడం. మన అలవాటు దొరక్కపోతే ఇంకో మాట కలపడం, ఇక్కడ దొరక్కపోతే ఒక మాట తీసేయాలి. ఎవరూ రెండు రకాలుగా రాయలేని మాట ఏదో చూసుకుని అదొక్కటే వెయ్యాలి. వయొలిన్ అన్నదాన్ని ఇంగ్లిష్‌లో అందరూ ఒకేలా రాస్తారు. నాయుడు అన్నది కూడా దాదాపు అందరూ ఒకేలా రాస్తారు. ఈ రెండు మాటలే వేస్తే మొదటిరోజు మూడు ఫైళ్లు వచ్చిన చోట పేజీ నిండిపోయింది. అందులో అక్కర్లేనివి చాలా ఉంటాయి, వాటిని తర్వాత ఫిల్టర్‌తో వడగట్టుకోవచ్చు. విశాలంగా అడిగి ఇంటికొచ్చాక ఏరుకోవడం, బియ్యంలో రాళ్లు ఏరినట్టు.

ఇంకొక చక్కటి సదుపాయం నక్షత్రం గుర్తు. మాటకి ముందు * పెట్టి స్వామి అని రాస్తే, స్వామితో ముగిసే మాటలన్నీ వస్తాయి, వెంకటస్వామి కలిపి రాసినా విడిగా రాసినా పట్టుకుంటుంది. మన పేర్లన్నీ చివర స్వామి, రావు, శాస్త్రి, అయ్య, అమ్మ కాబట్టి ఇది మనకోసమే పెట్టారా అన్నంత బాగా పనిచేస్తుంది. మాటకి ముందు మైనస్ పెడితే ఆ మాట ఉన్నవి రావు. నాయుడు అని వెతికినప్పుడు వచ్చే ఇతర సంగీతాన్ని నేను అలాగే తీసేస్తున్నాను. ఒక హెచ్చరిక, కొన్ని పదబంధాలను సర్వర్ వాళ్లే ఆపేశారు, హక్కుదారులు అడిగితే చేస్తారు, అలాంటివి ఎలా వెతికినా సున్నా వస్తుంది. పాత కర్ణాటక సంగీతంలో నాకైతే అలా ఎదురుకాలేదు.

ఫిల్టర్ల విషయంలో నికోటిన్ ప్లస్‌ని మెచ్చుకోకుండా ఉండలేను. ఫలితాలొచ్చాక పైన ఒక వరుస తెరుచుకుంటుంది. ఉండాల్సిన మాట, ఉండకూడని మాట, ఫైల్ రకం, సైజు, బిట్‌రేట్ (శబ్ద నాణ్యతకి ఒక కొలత), నిడివి, దేశం, వెంటనే పంపడానికి ఖాళీ స్లాట్ ఉన్నవాళ్లు మాత్రమే, ఇవన్నీ ఉంటాయి. అందరూ బిట్‌రేట్ చూస్తారు, నాకు బంగారంలా పనికొచ్చింది నిడివి. 78 ఆర్‌పీఎం రికార్డులో పది అంగుళాలదైతే ఒక వైపు సుమారు మూడు నిమిషాలు, పన్నెండు అంగుళాలదైతే నాలుగున్నర దాకా పడుతుంది. కచేరీ రికార్డింగులు, రేడియో రికార్డింగులు పది నిమిషాలు, ఇరవై నిమిషాలు ఉంటాయి. నిడివి ఐదు నిమిషాల లోపు అని పెట్టగానే కచేరీలన్నీ పక్కకి పోయి, గ్రామఫోన్ రికార్డుల నుంచి ఎక్కించినవి మాత్రం మిగిలాయి. ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఫైల్ రకంలో ఫ్లాక్ (నాణ్యత పోకుండా దాచే రకం) అని పెడితే ఇంకా తగ్గుతాయి, కానీ పాత రికార్డులకి అది పెట్టకండి, ఇరవై ఏళ్ల కింద ఎవరో ఓపిగ్గా ఎంపీ3గా ఎక్కించిన కాపీ ఒక్కటే మిగిలి ఉండొచ్చు, దాన్ని పోగొట్టుకుంటారు.

ఇక అసలు సెర్చ్ అంటే నా దృష్టిలో బ్రౌజ్. ఒక ఫలితం మీద రైట్ క్లిక్ చేసి ఆ మనిషి ఫైళ్లు మొత్తం చూడొచ్చు, ఆయన ఇంటి అల్మరా తెరిచినట్టే. ఒక ఫైల్ మన అభిరుచికి దగ్గరగా ఉందంటే ఆ పక్కన ఇంకా చాలా ఉంటాయి. నాకు మొదటి మూడు ఫైళ్లు ఇచ్చిన మనిషి ఫోల్డర్ నేను రెండు వారాల దాకా తెరవలేదు. తెరిచి చూస్తే వాద్యాల వారీగా పేర్చుకున్నాడు, వయొలిన్ అన్న ఫోల్డర్లో డి.వి.ఎస్.ఎన్. అని పొడి అక్షరాలతో ఇంకో ఫోల్డర్, అందులో పదకొండు రికార్డులు, రెండేసి వైపులు. ఆ పేరుతో ఎవరైనా వెతుకుతారా? నేనైతే జన్మలో వెతికేవాణ్ని కాదు. ద్వారం, నాయుడు అన్న మాటలు ఎక్కడా లేవు. నక్షత్రాలు, మైనస్‌లు ఎన్ని వేసినా అది బయటికి రాదు, మనిషి అల్మరా చూస్తేనే దొరుకుతుంది.

ఆయనకి మెసేజ్ పెట్టాను. డౌన్‌లోడ్ మొదలుపెట్టే ముందే పెట్టాను, అది ఇక్కడ మర్యాద. "నమస్కారమండీ, మా తాతగారి దగ్గర ఉండేవి ఇవి, తీసుకోవచ్చా" అని ఇంగ్లిష్‌లో రాస్తే ఒకరోజు తర్వాత జవాబొచ్చింది. ఆయన వయొలిన్ నేర్చుకున్నవాడట, సేకరణ వాళ్ల గురువుగారిదట, ఆ పొడి అక్షరాలు గురువుగారు అట్టపెట్టెల మీద రాసుకున్నవట, కంప్యూటర్లోకి అలాగే దింపాడు. "తీసుకోండి, మీ దగ్గర నాటక పద్యాలేమైనా ఉన్నాయా" అని అడిగాడు. మా ఇంట్లో పగలకుండా మిగిలినవాటిలో రెండు పద్యాల రికార్డులున్నాయి, అవి ఎక్కించి పెట్టాను. ఏ సెర్చ్ ఇంజనూ నాకు ఇలాంటి పరిచయం ఇవ్వలేదు.

వేరేవాటితో పోలిస్తే ఎలా ఉందని అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. టొరెంట్‌లో అసలు వెతకడమనేదే లేదు. బ్రామ్ కోహెన్ 2001లో బిట్‌టొరెంట్ చేసినప్పుడు ఫైల్‌ని వేగంగా పంచడం గురించే ఆలోచించాడు, ఎక్కడుందో వెతకడం వెబ్‌సైట్ల పని అని వదిలేశాడు. క్యూబిట్‌టొరెంట్ అనే టొరెంట్ ప్రోగ్రామ్‌లో సెర్చ్ ట్యాబ్ ఉంది కదా అంటే, అది ప్లగిన్ల ద్వారా వెబ్‌సైట్లని అడుగుతుందే తప్ప పక్కవాళ్ల కంప్యూటర్లని అడగదు. ఎవరూ సైట్లో పెట్టని ఫైల్ అక్కడ లేనట్టే. పద్నాలుగు మంది దగ్గర మాత్రమే ఉన్న 78 రికార్డుకి టొరెంట్ ఎవరు చేస్తారు?

ఈమ్యూల్ అనే ఇంకో ఫైల్ షేరింగ్ ప్రోగ్రామ్ మాత్రం గట్టిది. 2002లో మొదలైంది, దాని క్యాడ్ నెట్‌వర్క్‌లో సర్వర్ అవసరమే లేదు. ఫైల్ పేరులోని ప్రతి మాటకీ ఒక సంఖ్య కట్టి, ఆ సంఖ్యకి దగ్గరగా ఉన్న కంప్యూటర్ల దగ్గర ఆ మాట తాలూకు జాబితా ఉంచుతారు. మీరు రాసిన మొదటి మాటతో ఆ ఇంటికి వెళ్తుంది, మిగతా మాటలు అక్కడ వడపోతకి. అందుకని అక్కడ అరుదైన మాటని ముందు రాయాలి, ద్వారం అని ముందు రాసి నాయుడు తర్వాత రాయాలి, తిప్పి రాస్తే వేరే ఫలితాలొస్తాయి. అక్కడ ఇంకో గొప్ప సంగతి, ప్రతి ఫైల్‌కీ హాష్, అంటే లోపలి డేటా నుంచి కట్టిన గుర్తింపు సంఖ్య, ఉంటుంది కాబట్టి ఒకే ఫైల్‌ని ప్రపంచంలో ఎవరెవరు ఏ పేరుతో పెట్టుకున్నారో చూపిస్తుంది. ఆ పేర్ల పట్టీ చూస్తే వెతకడానికి కొత్త మాటలు దొరుకుతాయి. నేను రెండు స్పెల్లింగులు అక్కడే నేర్చుకుని సోల్‌సీక్‌లో వాడాను. సోల్‌సీక్‌లో హాష్ లేదు, అదే ఫైల్ పది మంది దగ్గరుంటే పది వరుసలు వస్తాయి, అన్నీ ఒకటేనా కాదా అన్నది సైజు, నిడివి చూసి మనమే తేల్చుకోవాలి. ఒక మార్కు తగ్గించడానికి మొదటి కారణం ఇది. మన సంగీతం మాత్రం ఈమ్యూల్‌లో నాకు తక్కువే దొరికింది.

లైమ్‌వైర్ అనే పాత ఫైల్ షేరింగ్ ప్రోగ్రామ్ రోజులు గుర్తున్నవాళ్లు నకిలీ ఫైళ్ల గురించి భయపడతారు. అక్కడ మీరు ఏ పిచ్చి మాట కొట్టినా అదే పేరుతో ఒక ఫైల్ ప్రత్యక్షమయ్యేది, మీరు రాసిందే పేరుగా తగిలించి వైరస్ పంపేవాళ్లు. సోల్‌సీక్‌లో ఆ బెడద నాకు కనబడలేదు, ఎందుకంటే ఫలితం వెనక ఒక మనిషి, ఆ మనిషి అల్మరా కనబడతాయి, అల్మరాలో ఒకే ఫైల్ ఉందంటే వదిలేయొచ్చు. అయినా పాట కోసం వెతికితే పాట ఫైలే తెచ్చుకోండి, ఈఎక్స్‌ఈ అని (అంటే పాట కాదు, ప్రోగ్రామ్) ఉన్నది దేన్నీ ముట్టుకోవద్దు.

మార్కు తగ్గించడానికి రెండో కారణం ప్రైవసీ, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని బతిమాలుతున్నాను. దండోరా వేసినట్టు అన్నాను కదా, నిజంగానే అంతే. మీరు ఏం వెతికారో, మీ యూజర్ పేరుతో సహా, వేలమంది కంప్యూటర్లకి పోతుంది, దానికి ఎన్‌క్రిప్షన్ లేదు. మీ అసలు పేరు యూజర్ పేరుగా పెట్టుకోకండి, ఆరోగ్యం గురించో ఇంటి విషయాల గురించో ఏదీ ఇందులో వెతకకండి. అలాగే షేర్ చేసే ఫోల్డర్ విడిగా చేసి అదొక్కటే ఇవ్వండి. మా బంధువుల్లో ఒకాయన తొందరలో డి డ్రైవ్ మొత్తం ఇచ్చేశాడు, అందులో పిల్లల సర్టిఫికెట్లు, ఆధార్ స్కాన్లు, పాన్ కార్డు అన్నీ ఉన్నాయి. నేను ఆయన పేరు మీద బ్రౌజ్ కొట్టి చూసి వెంటనే ఫోన్ చేసి తీయించాను. మీరూ ఒకసారి మీ షేర్లని బయటివాళ్లకి కనబడే తీరులో చూసుకోండి, ఆ సదుపాయం ప్రోగ్రామ్‌లోనే ఉంది.

విష్‌లిస్ట్ గురించి చెప్పకుండా ఎలా. దొరకని మాటలు అందులో రాసి పెడితే, ప్రోగ్రామ్ తెరిచి ఉన్నంతసేపూ సర్వర్ చెప్పిన విరామానికి ఒకసారి ఒక్కో కోరికని అదే వెతుకుతూ ఉంటుంది. ఎవరైనా ఆ మాటతో ఫైల్ ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌లోకి వచ్చిన సమయంలో తగిలితే మనకి కబురు వస్తుంది. నేను ఆరు స్పెల్లింగులు పెట్టాను. నాలుగు నెలల పాటు ఏమీ రాలేదు, ఒక ఆదివారం తెల్లారేసరికి వరుసగా తొమ్మిది ఫైళ్లు కనబడ్డాయి, ఎప్పుడూ చూడని పేరు, పక్కన జెండా చూస్తే మలేషియా. క్యూలో నా ముందు నలభై మంది ఉన్నారు, మూడు రోజులు సిస్టమ్ ఆపకుండా ఉంచాను, వచ్చాయి. కరెంట్ పోతే మళ్లీ చివరికి వెళ్తానేమోనని ఇన్వర్టర్ మీద పెట్టాను. విరాళం ఇచ్చినవాళ్లకి క్యూలో ముందు అవకాశం ఇస్తారు, విష్‌లిస్ట్ కూడా వాళ్లకి త్వరత్వరగా తిరుగుతుంది, నేను తర్వాత ఇచ్చాను, ఇన్నేళ్లుగా ప్రకటనలు లేకుండా నడుపుతున్నారు కాబట్టి సంతోషంగానే ఇచ్చాను.

తెలుగు లిపిలో వెతికితే వస్తుందా అని అడిగేవాళ్లకి: వస్తుంది, ప్రోగ్రామ్‌కి తెలుగు అక్షరాలతో ఏ ఇబ్బందీ లేదు. రావలసినది మన దగ్గర నుంచి. నేను "వయొలిన్" అని, "హరికథ" అని, "పద్యాలు" అని తెలుగులో వెతికినప్పుడు చాలా రోజులు ఒక్క ఫలితమూ రాలేదు, ఎందుకంటే ఫైళ్లకి తెలుగులో పేరు పెట్టుకున్నవాళ్లు దాదాపు లేరు. తెలుగులో రాస్తే స్పెల్లింగ్ గొడవ చాలా తగ్గుతుంది కదా, స్వామిని తెలుగులో ఎన్ని రకాలుగా రాస్తాం? నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. మన పాట, మన పేరు, మన అక్షరాల్లో అడిగితే నెట్‌వర్క్ మొత్తం మౌనంగా ఉంటుంది. అందుకని నా ఫోల్డర్లన్నిటికీ రెండు లిపుల్లోనూ పేరు పెట్టాను, ముందు తెలుగు, పక్కనే ఇంగ్లిష్‌లో రెండు మూడు స్పెల్లింగులు, రాగం, రికార్డు మీద నంబర్ ఉంటే ఆ నంబర్. పేరు పొడుగవుతుంది, అవనివ్వండి. సెర్చ్ చూసేది పేరునే కాబట్టి పేరులోనే అన్నీ ఉండాలి. మీ దగ్గర తాతల నాటి రికార్డులు ఎక్కించినవి ఉంటే దయచేసి ట్రాక్ 1, ట్రాక్ 2 అని వదిలేయకండి. అలా వదిలేసినవి నెట్‌వర్క్‌లో ఉండి కూడా ఎవరికీ దొరకవు.

మిగతావి క్లుప్తంగా. స్క్రీన్ అంత అందంగా ఉండదు కానీ కళ్లకి హాయిగానే ఉంటుంది. పాత ల్యాప్‌టాప్‌లో కూడా తేలిగ్గా నడుస్తుంది. చాలామంది ఏమీ షేర్ చేయనివాళ్లకి ఫైళ్లు ఇవ్వరు, కాబట్టి వెతకడానికి ముందే మీ ఫోల్డర్ ఒకటి సిద్ధం చేసుకోండి. సహాయం కోసం పెట్టిన చాట్ గదుల్లో ప్రశ్న అడిగితే ఎవరో ఒకరు చెప్తారు.

మా తాతయ్య రికార్డుల్లో నాకు గుర్తున్నవాటిలో ఇంకా దొరకాల్సింది ఒక్కటే మిగిలింది. దాని మొదటి వైపు మలేషియా ఫైళ్లలో వచ్చింది, రెండో వైపు ఆ ఫోల్డర్లో లేదు. తెలుగులో ఒకటి, ఇంగ్లిష్‌లో ఆరు, మొత్తం ఏడు పేర్లతో విష్‌లిస్ట్‌లో పెట్టి ఉంచాను, సిస్టమ్ రాత్రిపూట ఆపడం లేదు.